గృహపరిచర్యకు పరీక్ష

ఆసుపత్రిలోని రోగిని పదిమంది కండ్లు కనిపెట్టియుండును. నర్సు చూచును, డాక్టరు చూచును, పక్క మంచమువారి చుట్టములును చూతురు. ఇంటిలో మంచము పట్టిన వృద్ధురాలి సంగతి అట్లు కాదు. పరిచారిక వచ్చి తలుపు వేసిన పిమ్మట లోపల జరుగునది వారిద్దరికే తెలియును. అందులో ఒకరు నోరు మెదపలేరు. రేపు మరల ఆ చేతి అన్నమే తినవలెను గదా! ఇట్టి సేవ మంచిదో చెడ్డదో బయటివారు తేల్చుట ఎట్లు? ఇంగ్లండులో ఇందుకై ఏర్పడిన పద్ధతిని శ్రోతలకు వివరింపదలచినాము.

అచ్చట 2008 నాటి చట్టము ననుసరించి 'కేర్ క్వాలిటీ కమిషన్' అను సంస్థ 2009 ఏప్రిల్ 1 నుండి పని చేయుచున్నది. ఇల్లు తుడిచి, సరకులు తెచ్చిపెట్టువారితో దీనికి నిమిత్తము లేదు. ఇండ్లకు మనుషులను పంపి స్నానము చేయించుట, బట్టలు కట్టించుట, అన్నము తినిపించుట వంటి పనులు చేయించు సంస్థలు మాత్రము దీనియొద్ద నమోదు కావలెను.

తనిఖీకి వచ్చువారు అయిదు విషయములు విచారింతురు. సేవ నిరపాయముగా నున్నదా? ఫలితమిచ్చుచున్నదా? ఆదరముతో జరుగుచున్నదా? మనిషి అవసరమును బట్టి మారుచున్నదా? సంస్థను నడపువారు సమర్థులా? ఈ ప్రశ్నలు వినుటకు సులభమే. జవాబు రాబట్టుటలోనే ఉన్నది నేర్పంతయు.

మొదట కార్యాలయములోని కాగితములు చూతురు. పనివారి నేరచరిత్ర విచారించినారా, శిక్షణ ఇచ్చినారా, ఫిర్యాదు వచ్చినప్పుడు ఏమి చేసినారు అనునవి అందు తేలును. కాని కాగితము చక్కగా నుండుట వేరు, పని చక్కగా నుండుట వేరు. పనివేళల పట్టికనే చూడుడు. ఒక ఇంట పని ఎనిమిదిన్నరకు ముగియవలెను; రెండు మైళ్ల దూరమున మరియొక ఇంట పని ఎనిమిదిన్నరకే మొదలు కావలెను. నడుమ ప్రయాణమునకు పట్టు కాలము ఎచ్చటిది? మొదటి ముసలమ్మ స్నానములో కోత పడును, లేదా రెండవ ముసలాయనకు మాత్ర ఆలస్యమగును. మందుల పట్టికలో ప్రతిదినము సంతకము ఉండి, పొట్లములో రెండు మాత్రలు మిగిలియుండినచో, ఆ సంతకములకు విలువ ఏమి?

తరువాత అసలు మనిషిని, ఆమె సమ్మతితో, ఇంటికి పోయి చూతురు. తామో తమవారో పరిచర్య పొందిన అనుభవముగలవారు కొందరు టెలిఫోనులో మాట్లాడుటయు కలదు. "సేవ బాగున్నదా?" అనినచో "బాగుగనే యున్నది నాయనా" అనుటయే ముసలివారి మర్యాద. నిన్న ఎవరు వచ్చినారు, ఎన్ని గంటలకు, ఈ వారములో ఎందరు మారినారు అని అడుగుటయే మేలని మా అభిప్రాయము. ప్రతి ఉదయము ఒక క్రొత్తమనిషి ముందు బట్టలు విప్పవలసివచ్చుట ఎంత సిగ్గు! అరగంటకు తక్కువైన రాకపోకలు, వచ్చునది తెలిసిన మనిషియై, పని చిన్నదై యున్నప్పుడే తగునని, అచ్చటి 'నైస్' అను వైద్యప్రమాణ సంస్థ 2015లో సూచించినది.

పిదప 'అత్యుత్తమము' మొదలు 'చాలనిది' వరకు నాలుగు తరగతులలో ఒకటి ఇత్తురు. దీనికిని లోపము లేకపోలేదు. డాక్టర్ పెనీ డ్యాష్ 2024లో జరిపిన సమీక్షలో, కొన్ని సంస్థలకు ఎన్నడును తరగతి నిర్ణయింపలేదనియు, కొన్నింటి తరగతులు ఏండ్లనాటివనియు బయటపడినది. కావున తరగతితోపాటు తేదీని కూడ చదువవలెను.

బిడ్డలు దూరదేశములలో నుండగా, జీతపు పరిచారికలపై ఆధారపడు వృద్ధులు మన పట్టణములలోను కలరు. ఇట్టి సంస్థలకు నమోదు, కనీస ప్రమాణములు ఉండవలెనని 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు ప్రవేశపెట్టబడినది. అది చట్టము కాకమునుపే 2024లో సభ రద్దగుటతో మురిగిపోయినది. కావున తనిఖీ భారము చాలవరకు ఇంటివారిదే. మంచము ప్రక్క ఒక నోటుపుస్తకముంచి, వచ్చిన వేళ, పోయిన వేళ, ఇచ్చిన మందు వ్రాయించుడు. ఒక్కొక్కసారి వేళగాని వేళ టెలిఫోను చేయుడు. ఇంటికి వచ్చినప్పుడు మడమలును, నడుము క్రింది భాగమును స్వయముగా చూడుడు. వ్రేలితో నొక్కినను పోని ఎరుపు మంచపుపుండునకు మొదటి గుర్తు. నల్లని చర్మముపై ఆ ఎరుపు కానరాకపోవచ్చును. అట్టిచోట వేడి, గట్టితనము, తాకిన నొప్పి ఉన్నవేమో చేతితో తడిమి తెలిసికొనవలెను.