అతుకు ఎక్కడుంది?

పెడన కలంకారీ దుప్పటి చూశారా? చెక్క అచ్చును పక్కపక్కనే అద్దుకుంటూ పోయినా తీగ ఎక్కడా తెగదు. అచ్చు కుడి అంచున ఆగిన తీగ, ఎడమ అంచున అదే ఎత్తులో మొదలవుతుంది మరి!

కంప్యూటర్ తెర మీది నేపథ్య డిజైన్లదీ ఇదే కిటుకు. 256 పిక్సెళ్ల చదరపు బొమ్మను 40 సార్లు పేరిస్తే 1920×1080 తెర నిండిపోతుంది. దాచాల్సింది మాత్రం ఒక్క బొమ్మే.

అతుకు ఎలా మాయమవుతుంది? కాగితం మీద చేసి చూడండి. చదరపు కాగితం మధ్యలో, అంచులు తాకకుండా ఓ పువ్వు గీయండి. నాలుగు సమాన ముక్కలుగా కోసి, ఎదురుమూలల ముక్కల్ని తిప్పకుండా తారుమారు చేసి అతికించండి. పాత అంచులన్నీ మధ్యకొస్తాయి. అక్కడి ఖాళీలో ఆకులు గీయండి, కొత్త అంచుల జోలికి పోకుండా.

ఇక జిరాక్సులు తీయించి పేర్చడమే. ఒకే ఒక్క ఎర్ర మొగ్గ మాత్రం పెట్టకండి. ప్రతి కాపీలోనూ అదే చోట కనిపిస్తూ, వరసకట్టి గుట్టు బయటపెట్టేస్తుంది.