సంతలో కోడిని కొనే ముందు

కోడి అంటే తెలియని వాళ్లు మన హాస్టల్లో ఎవరూ లేరు. ఇంటి దగ్గర అందరం పుంజు కూతకి లేచిన వాళ్లమే. ఇక్కడ బెల్లుకి లేస్తున్నాం, అంతే తేడా. అయినా ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, కోడిని పెంచటం మనకి తెలుసు గానీ చూసి కొనటం చాలామందికి తెలియదు. సెలవలకి వెళ్లినప్పుడు అమ్మావాళ్లు లెక్క కట్టడానికి మనల్ని సంతకి తీసుకెళ్తారు కదా. అప్పుడు లెక్కతో పాటు ఇది కూడా చూసి చెప్పండి.

మాది పాడేరు మన్యంలో కొండ మీద ఊరు. కాఫీ డబ్బు, పసుపు డబ్బు ఏడాదికి ఒకసారి చేతికొస్తాది. కోడి డబ్బు ఎప్పుడు అవసరమైతే అప్పుడు వస్తాది. నా పెట్టె, చెప్పులు, బస్సు ఛార్జీ అన్నీ కోళ్ల డబ్బులే. నేను 7వ తరగతిలోకి వచ్చే ముందు, మా పక్కింటి వాళ్లు సంతలో ఒక పెట్టని చవగ్గా కొని తెచ్చి, ఆ రాత్రే తమ కోళ్లతో కలిపి గంప కింద మూసేశారు. ఆరో రోజుకి అది చచ్చిపోయింది. తర్వాత వాళ్ల కోళ్లన్నీ పోయాయి, తర్వాత మావి. మావి 17 ఉండేవి, 2 మిగిలాయి. ఆ ఏడు నేను బడికి 10 రోజులు ఆలస్యంగా వచ్చాను.

ఆ జబ్బుని మనం కొక్కెర తెగులు అంటాం. పశువుల డాక్టర్లు రాణిఖెత్ అంటారు. రాణిఖెత్ అనేది ఉత్తరాఖండ్‌లో ఒక ఊరు. ఇది వైరస్ వల్ల వస్తాది కాబట్టి వచ్చాక నయం చేసే మందు లేదు. పసుపు, వెల్లుల్లి నూరి పోసినా తగ్గదు. ముందే టీకా వేయించుకోవాలి. జబ్బు కోడి రెట్ట, చీమిడి, అది తాగిన నీళ్లు, దాన్ని పట్టుకున్న చేతులు, తెచ్చిన గంప, వీటన్నిటితో అంటుకుంటాది.

సంతకి పొద్దున్నే వెళ్లటం మంచిది. మధ్యాహ్నం చవగ్గా ఇస్తారు నిజమే. కానీ అప్పటికి కాళ్లు కట్టేసి ఎండలో పడేసిన కోళ్లన్నీ వాడిపోయి ఉంటాయి. ఏది అలిసిపోయిందో ఏది జబ్బుదో తెలియదు.

వెళ్లగానే కోడిని చేత్తో పట్టుకోవద్దు. రెండు బారల దూరంలో నిలబడి గంపంతా చూడండి. పట్టుకుంటే జబ్బు కోడి కూడా భయంతో కాసేపు హుషారుగా కొట్టుకుంటాది, అమ్మేవాళ్లు దాన్నే చూపించి “చూడమ్మా ఎంత జోరుగా ఉందో” అంటారు. దూరం నుంచి చూస్తే అసలు సంగతి తెలుస్తాది. బాగున్న కోడి మెడ ఎత్తి అటూ ఇటూ చూస్తాది, నేల గీకుతాది, పక్కదాన్ని పొడుస్తాది. జబ్బుది ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని ఉంటాది. మెడ మెలి తిరిగినా, కాళ్లు ఈడ్చినా అది కొక్కెర కావచ్చు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. గంపలో ఆరు కోళ్లుండి, ఒక్కటే ముడుచుకుని ఉందనుకోండి. మిగతా అయిదూ ఎంత బాగున్నా ఆ గంపలోవి కొనొద్దు. జబ్బు సోకిన కోడి పైకి కనపడటానికి చాలాసార్లు అయిదారు రోజులు పడతాది, ఒక్కోసారి 15 రోజులు కూడా. ఆ అయిదు కోళ్లకీ కన్ను, ముక్కు అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఇంటికి తెచ్చాక మొదలవుతాది. మా అమ్మ ఇప్పుడు ముందు గంపని చూసి, తర్వాతే కోడిని చూస్తాది.

తర్వాత అమ్మేవాళ్లని అడగాలి. “పిన్నీ, మీదే ఊరు? ఇంటి దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయి? ఎందుకు అమ్ముతున్నావు?” అని మెల్లగా అడిగితే చాలామంది నిజమే చెబుతారు. పెట్టలు, పుంజులు, పిల్లలు అన్నీ ఒకేసారి తెచ్చి ఎంతకైనా ఇచ్చేస్తామంటే మాత్రం అనుమానపడాలి. ఊళ్లో తెగులు మొదలైతే “ఎలాగూ చస్తాయి, నాలుగు డబ్బులైనా వస్తాయి” అని సంతకి పట్టుకెళ్లే వాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ తెగులుకి కాళ్లు లేవు, మనమే గంపలో పెట్టుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకెళ్తున్నాం. ఇది మాత్రం నాకు తప్పుగానే కనిపిస్తాది, ఇంటి దగ్గర కూడా ఇలాగే అన్నాను.

గంప బాగుంటే అప్పుడు కోడిని చేతిలోకి తీసుకోండి. కట్టు విప్పించి నేల మీద నడిపించండి. తాడు బిగుసుకుని కాలు తిమ్మిరెక్కితే కాసేపటికి సర్దుకుంటాది. నాలుగు చోళ్లు వేస్తే తినాలి. జుట్టు ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోతే లోపల పురుగులున్నాయో, రక్తం లేదో అనుకోవాలి. నల్లగా, నీలంగా మారితే వదిలేయండి. ఇంకా గుడ్డు పెట్టని పడుచు పెట్టకీ, పొదిగి లేచిన దానికీ జుట్టు పాలిపోయే ఉంటాది, అది జబ్బు కాదు. కంట్లో నురుగు, ముక్కులో చీమిడి, మొహం వాపు ఉండకూడదు. నోరు తెరిచి చూస్తే లోపల తెల్లటి, పసుపు పొక్కులు ఉండకూడదు. ఎండకి నోరు తెరిచి రొప్పే కోడిని నీడలో పెట్టి చూడండి. నీడలో కూడా రొప్పుతుంటే దాని వీపు మీద చెవి పెట్టి వినండి, గురగుర మంటే వద్దు.

బరువు చూసి మోసపోవద్దు. కొందరు పొద్దున్నే గింజలు బాగా మేపి తెస్తారు, మెడ కింద మేతసంచి గట్టిగా ఉంటాది. రొమ్ము ఎముక తడమండి. నాటుకోడికి ఫారం కోడంత కండ ఉండదు గానీ, ఎముక కత్తిలా తగిలితే మాత్రం చిక్కిపోయిందని అర్థం. తోక ఎత్తి చూడండి. రెట్ట అంటుకుని ఈకలు అట్టకట్టి ఉన్నా, ఆకుపచ్చగా నీళ్లలా పారుతున్నా, రక్తం పడుతున్నా వద్దే వద్దు. అక్కడే గుడ్డు సంగతి కూడా తెలుస్తాది. రెట్ట వేసే చోటుకి రెండు పక్కలా సన్నటి ఎముకలుంటాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే గుడ్లు పెడుతున్న పెట్ట, ఒక్క వేలే పడితే ఇప్పుడు పెట్టటం లేదు. మా అమ్మమ్మ చీకట్లో కూడా ఇది చూసి చెప్పేస్తాది! రెక్కల కింద పేలుంటే బేరం తగ్గించుకోవచ్చు, కానీ ఇంట్లో కలిపే ముందే వదిలించాలి.

ఇటుకల పండగకి, కొత్తలకి ఫలానా రంగు కోడే కావాలని వెతుకుతాం. ఆ రంగు దొరికితే చాలని ఇంకేమీ చూడం. పెద్దవాళ్ల ఇష్టం, కానీ ఆ కోడి కూడా ఇంటికే వస్తాది కదా.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అది మనుషులకీ సోకగలదు. కాబట్టి ఒకేసారి చాలా కోళ్లు చస్తే వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రిలో చెప్పాలి. చచ్చిన వాటిని గెడ్డలో పారేయొద్దు, కింద ఊరి వాళ్లు ఆ నీళ్లే వాడతారు. గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

అన్నీ చూసి కొన్నా సరే, తెచ్చిన కోడిని 15 రోజులు వేరే గంప కింద, ఇంటికి అవతలి పక్క ఉంచండి. ముందు పాత కోళ్లకి మేత వేసి, తర్వాత దానికి వేసి, చేతులూ కాళ్లూ కడుక్కోండి. టీకా వెయ్యని పాత కోళ్లుంటే ఈలోగా వేయించండి. పిల్లలకి వారం లోపు కంట్లో చుక్క, రెండు నెలలు దాటిన వాటికి రెక్క కింద సూది. 15 రోజులయ్యాక సాయంత్రం చీకటి పడ్డాక కలపండి. రెండు మూడు రోజులు పాత పెట్టలు కొత్తదాన్ని పొడుస్తాయి, దూరంగా నిలబడి తింటాది. దానికి కంగారు పడొద్దు, మేత రెండు చోట్ల వేస్తే సరిపోతాది.

— 9వ తరగతి విద్యార్థిని