విశేషణంలో దాగిన తీర్పు

ఇంటర్మీడియట్ పరీక్ష తప్పిన ఏడు, హైస్కూలులో నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు ఒక కార్డు రాశారు. అందులోని ఒకే వాక్యం నన్ను రెండు రోజులు అన్నానికి దూరం చేసింది: ‘ఇట్ ఈజ్ స్ట్రేంజ్ దట్ యు షుడ్ హావ్ ఫెయిల్డ్.’ ‘షుడ్’ అంటే ‘వలయును’ అని నేర్పినది ఆయనే. కాబట్టి నేను తప్పి ఉండవలసిందేనని గురువుగారు తేల్చివేశారనుకున్నాను. ఆ దిగులులో సెప్టెంబరు పరీక్షకు రుసుము కట్టే గడువు కాస్తా దాటిపోయింది. దసరాకు ఊరు వెళ్ళినప్పుడు సంగతి విని ఆయన తల పట్టుకున్నారు. “నువ్వు తప్పడమేమిటి, నమ్మలేకున్నానురా అని కదా రాశాను!” అన్నారు.

తెలుగులో మనం ముందు విషయం చెప్పి, ఆ తరువాత దాని మీద అభిప్రాయం చెబుతాము. ‘అతడు రాకపోవడం వింతగా ఉంది’ అన్నప్పుడు తీర్పు వాక్యం చివర వెలువడుతుంది. ఇంగ్లీషు వాడు తీర్పునే ముందు పెడతాడు. ‘ఇట్ ఈజ్ స్ట్రేంజ్’ అని, ఆ తరువాతనే ఏది వింతో విప్పుతాడు. మొదట ఉన్న ‘ఇట్’కు సొంత అర్థమేమీ లేదు. పెళ్ళి పందిట్లో పెద్దల కోసం కుర్చీ మీద వేసి ఉంచిన కండువా వంటిది అది.

వింత, విచారం, ఆశ్చర్యం, సహజం వంటి భావాలను చెప్పే విశేషణం ముందు వస్తే, వెనుక వచ్చే ‘షుడ్’ విధిని చెప్పదు. జరిగిన దానిని మనసులో తిప్పి చూసుకోవడాన్ని చెబుతుంది. ‘నెసెసరీ’, ‘ఇంపార్టెంట్’ వంటివి వస్తే మాత్రం అవసరమనే అర్థం నిలుస్తుంది. అమెరికా వారు అక్కడ సాధారణంగా ‘షుడ్’ను వదలి ‘ఇట్ ఈజ్ నెసెసరీ దట్ హి గో’ అంటారు. అది అచ్చుతప్పు కాదు. ఇక ‘ట్రూ’, ‘క్లియర్’ అన్నప్పుడు ‘షుడ్’తో పనే లేదు.

ఇటువంటి అచ్చులను ఓపికగా పోగుచేసిన వారిలో ఎ. ఎస్. హార్న్‌బీ ముఖ్యుడు. ఆయన 1924లో ఇంగ్లీషు బోధించడానికి జపాను వెళ్ళాడు. పరభాషీయులు తడబడేది మాటల అర్థాల దగ్గర కంటే వాటి కూర్పు దగ్గరనే అని గ్రహించాడు. మరి ఇద్దరితో కలిసి ఆయన కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా లోకమంతా చేరింది. వాక్యాల అచ్చులను వివరించే ఆయన పుస్తకం 1954లో వచ్చింది. ఆ నిఘంటువు మన ఇళ్ళలోనూ ఉండేది. అర్థం వెదికి మూసివేయడమే తప్ప, వాక్యరచనను గురించిన పేజీలు తిప్పిన వారు మాత్రం అరుదు!

మనకు ఎక్కువ చిక్కు తెచ్చేది ‘ఆఫ్’, ‘ఫర్’ల జంట. ‘ఇట్ ఈజ్ గుడ్ ఫర్ యు టు వాక్’ అంటే నడవడం మీకు మేలు అని. ‘ఇట్ వాజ్ గుడ్ ఆఫ్ యు టు కమ్’ అంటే రావడం మీ మంచితనం అని. మొదటిది పనిని తూచుతుంది, రెండవది మనిషిని తూచుతుంది. అందుకే ‘కైండ్’, ‘ఫూలిష్’ వంటి గుణవాచకాల వెంట ‘ఆఫ్’ వస్తుంది. ‘ఈజీ’, ‘నెసెసరీ’ల వెంట ‘ఫర్’ వస్తుంది. ‘నాకు రావడం కష్టం’ అనే మన వాక్యాన్ని తలలో పెట్టుకొని ‘ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్’ అనేవారున్నారు. పాపం, తాము కష్టమైన మనుషులమని తామే చాటుకొంటున్నట్లుంటుంది.

ఇంకొకటి మరీ సూక్ష్మం. ‘షి ఈజ్ ష్యూర్ ఆఫ్ విన్నింగ్’ అన్నప్పుడు నమ్మకం ఆమెది. ‘షి ఈజ్ ష్యూర్ టు విన్’ అన్నప్పుడు నమ్మకం చెప్పేవానిది. ఆమె గుండె దడదడలాడుతూ ఉండవచ్చు. విశేషణం ఒకటే, వాక్యంలోని కర్త ఒకటే. అయినా నమ్మకం ఒక మనసు నుంచి మరొక మనసుకు మారిపోయింది.

మరుసటి ఏడు పరీక్ష నెగ్గి మాస్టారికి జాబు రాశాను. ‘ఇట్ వాజ్ కైండ్’ అని మొదలుపెట్టి, తరువాత ‘ఫర్’ అని రాసి, కొట్టివేసి, ‘ఆఫ్ యు’ అని దిద్దాను. ఆ కొట్టివేతను ఆయన ఎర్ర సిరాతో చుట్టి, పక్కన ఒక టిక్కు పెట్టి, కార్డు నాకే తిరిగి పంపారు.