ఉప్పుకుండలో రూపాయలు

నెల్లూరనగానే చాలామందికి మొలగొలుకుల బియ్యం జ్ఞాపకం వస్తాయి. అది పెన్న కాలువలు పారే పల్లపు నేలల సంగతి. జిల్లాకు పడమట, ఉదయగిరి వైపున వున్నదంతా మెట్ట. వాన పడితే సజ్జలు, పడకపోతే వలసలు. నేను పుట్టి పెరిగింది ఆ మెట్టలోనే.

మాకు రెండెకరాల పొలం వుండేది. మా నాయన మంచి సేద్యగాడు. వరుసగా రెండేళ్ళు పైరు ఎండిపోయింది. అప్పిచ్చిన ఆసామి మా గుమ్మం ముందు నిలబడి, వీధి వీధంతా వినేటట్లు మాట్లాడి పోయాడు. ఆ రాత్రే నాయన మొదటిసారిగా తాగి వచ్చాడని అమ్మ చెప్పేది.

కిలో 2 రూపాయల బియ్యం పథకం 1983లో వచ్చింది. ఆ దశాబ్దంలోనే 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారా పొట్లాలూ పల్లెలకు వచ్చాయి. బియ్యం కోసం నెలకొకసారి మనం పోయి వరుసలో నిలబడాలి. సారా మాత్రం రోజూ మన గుమ్మం ముందుకే వచ్చేది!

బియ్యానికని అమ్మ కూలిడబ్బులు 20 రూపాయలు గుడ్డలో కట్టి ఉప్పుకుండ అడుగున దాచింది. అప్పటికి నాకు పదేళ్ళు. "డబ్బెక్కడరా?" అని నాయన నన్ను అడిగాడు. కొట్టలేదు, కసరలేదు. మెల్లిగానే అడిగాడు. నేను కుండవైపు చూశాను. ఆ రాత్రి మా ఇంట పొయ్యి వెలగలేదు. అమ్మ మా ముగ్గురికీ మంచినీళ్ళిచ్చి పడుకోబెట్టింది.

తరువాత 'అక్షర దీపం' కార్యక్రమం కింద మా పేటలో రాత్రిబడి పెట్టారు. సారావల్ల చితికిన సంసారాల కథలు అక్కడి పాఠాల్లోనే వుండేవి. కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు సారా అమ్మనివ్వలేదన్న వార్త ఊరూరా పాకింది. 1992లో జిల్లా అంతటా ఆడవాళ్ళు లేచారు. సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి.

ఒక సాయంత్రం నాయన నాకు డబ్బిచ్చి పొట్లం తెమ్మన్నాడు. దుకాణానికి అడ్డంగా పాతికమంది ఆడవాళ్ళు కూర్చుని వున్నారు. వాళ్ళలో మా అమ్మ. నా గుప్పిట చూసింది. నాకు కాళ్ళు కదలలేదు. "చీకటి పడింది, ఇంటికి పో అబ్బయ్యా" అన్నది, అంతే.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది; 1997లో దాన్ని సడలించారు. నాయన ఒక్కనాటితో మారిపోయాడని వ్రాస్తే కథ బాగానే వుంటుంది. కాని ఆయన కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. తరువాత కూలికి పోయాడు. ఒక ఎకరం అమ్మినా అప్పు పూర్తిగా తీరలేదు. బ్రాందీ షాపులు మళ్ళీ తెరిచాక, అప్పుడప్పుడు తూలుతూ వచ్చేవాడు. అయితే అప్పటికి పద్దుపుస్తకం అమ్మ చేతిలో వున్నది. లెక్క తనే వ్రాసుకునేది.

ఉప్పుకుండ సంగతి చాలాకాలం నన్ను బాధించింది. కాలేజీలో ఉద్యోగం దొరికి, మొదటి జీతం అమ్మ చేతిలో పెట్టిననాడు చెప్పేశాను. అమ్మ నోట్లు లెక్కబెట్టడం ఆపలేదు.

"తెలుసులేరా. పదేళ్ళ బిడ్డవు, కన్నతండ్రి అడిగితే ఏం చేస్తావు?" అన్నది.