తోటలో రైలు.. రెజ్యూమెలో ప్రాజెక్టు

'ఈ ప్రాజెక్టు నువ్వే చేశావా?' క్యాంపస్ ఇంటర్వ్యూల్లో చాలామందికి గొంతులో వెలక్కాయ పడేది ఈ ప్రశ్న దగ్గరే. నలుగురు కలిసి డబ్బులేసుకుని ఓ కిట్ కొంటారు, రిపోర్టు మీద పేర్లు రాయించుకుంటారు. ఇంటర్వ్యూలో 'ఈ మోటారే ఎందుకు?' అని అడగ్గానే దొరికిపోతారు. అదే ప్రాజెక్టు నిజంగా మీ చేతుల్లో తయారైతే? అడిగేవాళ్లు ఆగమనే దాకా చెబుతూనే ఉంటారు.

అలాంటి ప్రాజెక్టు కోసం పిడుగురాళ్ల విద్యార్థులు ఎక్కడో వెతకక్కర్లేదు. గుంటూరు - నడికుడి లైను ఊరి మీదుగానే వెళ్తోంది. నడికుడి - శ్రీకాళహస్తి కొత్త మార్గం కోసం న్యూ పిడుగురాళ్ల స్టేషనూ వచ్చింది. రోజూ చూసే ఆ రైలునే పెరట్లో నడిపితే మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, సివిల్.. నాలుగు బ్రాంచీలకూ పని దొరుకుతుంది. ఖర్చు? బడ్జెట్లోనే!

గార్డెన్ రైల్వే అంటే..

ఇంట్లో టేబుల్ మీద కాకుండా పెరట్లో, తోటలో, ఆరుబయట పట్టాలు వేసి నడిపే మోడల్ రైలునే గార్డెన్ రైల్వే అంటారు. జర్మనీకి చెందిన లేమన్ సంస్థ 1968లో 'ఎల్‌జీబీ' పేరుతో తెచ్చిన పెద్ద సైజు రైళ్లతో ఈ హాబీ ప్రపంచమంతా పాకింది. వీటి పట్టాల మధ్య దూరం 45 మి.మీ. స్కేలు 1:22.5. అంటే అసలు రైలును ఇరవై రెండున్నర వంతులు చిన్నది చేశారన్నమాట.

ఇక్కడో చిన్న లెక్క చేయండి. 45ను 22.5తో హెచ్చిస్తే సుమారు 1,012 మి.మీ. దాదాపు ఒక మీటరు! ఎల్‌జీబీ మోడళ్లకు మూలం మీటర్ గేజ్ రైళ్లే. గేజ్ మార్పిడి జరిగే దాకా గుంటూరు - మాచర్ల లైను కూడా మీటర్ గేజే. మీ తాతయ్య ఎక్కిన బండిని పెరట్లో సరైన కొలతలతో నడపాలంటే 45 మి.మీ. పట్టా సరిగ్గా సరిపోతుంది.

పట్టాలో కరెంటు వద్దు

పాత పద్ధతిలో పట్టాల్లోకి కరెంటు పంపితే ఇంజిన్ చక్రాల ద్వారా తీసుకుంటుంది. దీనికి ఇత్తడి పట్టాలు కావాలి, వాటిని ఎప్పటికప్పుడు శుభ్రంగా తుడుస్తుండాలి. సున్నం బట్టీల ఊళ్లో ఇది తెమిలే పని కాదు. దుమ్ము పొర పడితే చాలు, కరెంటు అందక బండి ఎక్కడికక్కడ ఆగిపోతుంది.

రెండో పద్ధతిలో ఇంజిన్లోనే బ్యాటరీ, రేడియో రిసీవర్ ఉంటాయి. పట్టాకు కరెంటుతో సంబంధం ఉండదు కాబట్టి అల్యూమినియం పట్టీలైనా సరే, ప్లాస్టిక్ చక్రాలైనా సరే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే చవక. విదేశీ కంపెనీల సెట్లకు పదుల వేలు పెట్టే పని లేదు.

ఏమేం కావాలి?

* ఈఎస్‌పీ32 బోర్డు: వైఫై, బ్లూటూత్ ఇందులోనే ఉంటాయి. ఫోనే రిమోట్ అవుతుంది. సుమారు రూ.500. ఇది వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ పవర్ పరికరాలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు.
* గేర్ మోటార్లు రెండు: ఎన్20 రకం, 6 వోల్టులు, 300 ఆర్‌పీఎం. సుమారు రూ.500.
* మోటార్ డ్రైవర్: టీబీ6612. ఎక్కువమంది కొనే ఎల్298 రకం దాదాపు 2 వోల్టులు తనే తినేస్తుంది. చిన్న బ్యాటరీతో నడిచే బండికి అది నష్టమే. సుమారు రూ.200.
* 18650 లిథియం సెల్స్ రెండు, రక్షణ సర్క్యూట్, బోర్డుకు 5 వోల్టులిచ్చే కన్వర్టర్: సుమారు రూ.700.
* బాడీ, చక్రాలు: 3డీ ప్రింటింగ్ చేయిస్తే సుమారు రూ.1,000.

ఇంజిన్ మూడు వేల లోపే తేలుతుంది. నలుగురు కలిస్తే తలా రూ.750. విడిభాగాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠీ గుజరాతీ గల్లీలో చేత్తో చూసి కొనుక్కోవచ్చు.

పట్టా కోసం కిటికీలు చేసే షాపులో సన్నని అల్యూమినియం పట్టీలు తీసుకుని, చెక్క స్లీపర్లలో గాడి కోసి నిలువుగా బిగించండి. ఎల్‌జీబీలో అతి చిన్న వంపు 600 మి.మీ. వ్యాసార్థం. అంతే పెట్టుకుంటే 3.8 మీటర్ల చుట్టు వస్తుంది. దానికి ఎనిమిది మీటర్ల పట్టీ చాలు.

మోటారుకు ముందు లెక్క

300 ఆర్‌పీఎం మోటారే ఎందుకు? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తుంది, జవాబు ఇప్పుడే రాసి పెట్టుకోండి. చక్రం వ్యాసం 30 మి.మీ. అయితే చుట్టుకొలత 94 మి.మీ. నిమిషానికి 300 సార్లు తిరిగితే బండి సెకనుకు 47 సెం.మీ. వెళ్తుంది. దీన్ని 22.5తో హెచ్చిస్తే అసలు రైలు లెక్కలో గంటకు 38 కి.మీ. పాత మీటర్ గేజ్ ప్యాసింజర్‌కు తగిన వేగమే. వెయ్యి ఆర్‌పీఎం మోటారు పెడితే మొదటి వంపులోనే బోర్లా పడుతుంది.

ఆగడమే అసలు పరీక్ష

బండి నడిపించడం ఎవరైనా చేస్తారు. ఫోన్ సిగ్నల్ తెగిపోతే ఏమవుతుంది? సాదాసీదా ప్రోగ్రాములో అయితే చివరి ఆదేశం ప్రకారం బండి పోతూనే ఉంటుంది. రైల్వేలో పనికిరానిది ఇదే. అసలు రైల్లో బ్రేక్ పైపు తెగి గాలి పోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. ఏ లోపం వచ్చినా బండి సురక్షితంగా ఆగాలన్నది అక్కడి మూలసూత్రం. ఇంజినీర్లు దీన్నే ఫెయిల్ సేఫ్ అంటారు.

మీ ప్రోగ్రాములోనూ అదే రాయండి. ఫోన్ నుంచి అర సెకను పాటు సందేశం రాకపోతే మోటారు ఆగిపోవాలి. ఆ అర సెకనులో బండి దాదాపు 24 సెం.మీ. ముందుకెళ్తుంది. ఆ దూరం టేపుతో కొలవండి. లెక్కకూ కొలతకూ తేడా వస్తే కారణం రాయండి. మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ విలువైన పేజీ ఇదే.

ఎండ, నేల.. రెండూ పరీక్ష పెడతాయి

పల్నాడు ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న రెంటచింతల పేరు ఏటా వేసవి వార్తల్లో ఉంటుంది. 3డీ ప్రింటింగులో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ముదురు రంగు ఇంజిన్‌ను మే నెల మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే వంకరపోవచ్చు. 80 డిగ్రీల వరకూ ఓర్చుకునే పీఈటీజీ అడగండి. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జింగ్ పెట్టొద్దు. నీడలో, కళ్లెదుట, సరైన ఛార్జర్‌తోనే పెట్టాలి.

ఇక నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద నేరుగా వేసిన పట్టా ఒక్క వానకే వంకర తిరుగుతుంది. రైల్వే ఇంజినీర్లు ఇలాంటి నేలలో కట్ట మీద ప్రత్యేకంగా మట్టి పొర వేసి, ఆపైన కంకర పోస్తారు. మీరూ జానెడు లోతు మట్టి తీసి గ్రావెల్ నింపండి, పైన సన్నని చిప్స్ పోయండి. అసలు కంకర రాయి పెద్దది 65 మి.మీ. ఉంటుంది. మన స్కేలులో సుమారు 3 మి.మీ. క్రషర్ దగ్గరి చిప్స్ జల్లెడ పడితే సరి. బ్యాచ్‌లో సివిల్ మిత్రుడుంటే ఈ పని అతనికి అప్పగించండి.

ఉద్యోగానికి దారి ఎటు?

రైళ్లు ఢీకొనకుండా ఆపే 'కవచ్' గురించి వినే ఉంటారు. స్లీపర్ల మీద ట్యాగులు, ఇంజిన్లో ఓ యూనిట్, స్టేషన్లో ఇంకో యూనిట్.. రెండు యూనిట్లూ రేడియోలో మాట్లాడుకుంటాయి. డ్రైవర్ బ్రేకు వేయకపోతే అదే వేస్తుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్లో రైల్వే మంత్రి సమక్షంలో జరిగిన ప్రదర్శనలో ఇంజిన్ ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల ముందే తనంతట తాను ఆగింది. కవచ్ పరికరాలు మొదట్నుంచీ తయారుచేస్తున్న మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కేంద్రంగా ఉన్నవే. రేడియోలో ఆదేశం, అందకపోతే ఆగడం.. మీ పెరట్లో బండిది కూడా ఇదే పాఠం. ఎంబెడెడ్, టెస్టింగ్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు ఈ పోలిక చెప్పగలిగితే మీ మాటకు బరువుంటుంది.

రైల్వేలో చేరాలంటే మాత్రం పరీక్ష రాయాల్సిందే, మోడల్ చూసి ఎవరూ మార్కులు వేయరు. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు 2024 నోటిఫికేషన్లో ఖాళీలు చివరికి 18,799కి చేరాయి, 2025లో 9,970 ప్రకటించారు. పదో తరగతితో పాటు నిర్దేశిత ట్రేడుల్లో ఐటీఐ, లేదా మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ డిప్లొమా, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు అర్హులు. రెండు దశల కంప్యూటర్ పరీక్షలు, ఆపై ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంటాయి. రెండో దశలో బేసిక్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ కీలకం. పని, శక్తి, వేగం, కరెంటు.. ఈ పాఠాలు బండి కట్టినవాళ్లకు బట్టీ పట్టకుండానే గుర్తుంటాయి. కంటిచూపు నిబంధన చాలా కఠినం. కళ్లద్దాలు లేకుండానే స్పష్టంగా కనబడాలి. కోచింగ్ ఫీజు కట్టక ముందే కంటి డాక్టరును కలవండి.

ఫైలు ఇలా ఉండాలి

* ఒక పేజీలో సర్క్యూట్ బొమ్మ, ఒక పేజీలో వేగం లెక్క.
* కొన్న ప్రతి వస్తువు ధర. బడ్జెట్ ఎక్కడ తప్పిందో కూడా రాయండి.
* చెడిపోయినవాటి జాబితా: ఏది ఆగింది, ఎందుకు ఆగింది, ఎలా బాగుచేశారు.
* నలుగురిలో ఎవరు ఏ పని చేశారో స్పష్టంగా. మీది కాని పని మీదని చెప్పొద్దు.
* సిగ్నల్ తెగ్గానే బండి ఆగే నిమిషం వీడియో.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ నెలలు గడిచిపోతుంటాయి. ఈ సెలవుల్లో ఓ ముగ్గురు మిత్రుల్ని కూడగట్టండి. ముందు ఒక మోటారు, ఒక బోర్డు, రెండు సెల్స్‌తో బల్ల మీద చక్రం తిప్పండి. అది తిరిగాక పట్టా సంగతి చూడొచ్చు.