ఈమెయిలు ప్రోగ్రాము – సర్వరు భాష

ఈమెయిలు వ్యవస్థకు రెండు భాగములు కలవు. ఉత్తరములను స్వీకరించి, భద్రపరచి, ఇతర తావులకు పంపునది సర్వరు. వాటిని తెరపై చూపి, జాబు వ్రాయుటకు వీలు కల్పించునది మన కంప్యూటరులోని ప్రోగ్రాము. ఉత్తరములతోబాటు క్యాలెండరును, చిరునామాల పుస్తకమును ఒకేచోట సమకూర్చిన ప్రోగ్రామును మెయిల్ సూట్ అందురు. ఒక సంస్థ తయారుచేసిన సూట్ మరియొక సంస్థ సర్వరుతో పనిచేయగలదా? రెండింటికిని ఉమ్మడి భాష ఉన్నచో పనిచేయగలదు. ఈ భాషకే ప్రోటోకాల్ అని పేరు.

ఉత్తరముల విషయమున ఈ భాషలు చాలకాలము క్రిందటనే ఏర్పడినవి. ఉత్తరమును పంపుటకు ఉపయోగించు ఎస్.ఎం.టి.పి. నియమములను జొనాథన్ పోస్టెల్ 1982లో ప్రకటించెను. సర్వరులోని ఉత్తరములను అచ్చటనే ఉంచి చదువుటకు మార్క్ క్రిస్పిన్ 1986లో ఐమాప్‌ను రూపొందించెను. ఐమాప్ సంభాషణ చాల సులువైనది. ప్రోగ్రాము ‘సెలెక్ట్ ఇన్‌బాక్స్’ అనును. సర్వరు అందు ఎన్ని ఉత్తరములున్నవో చెప్పును. ‘ఫెచ్’ అని సంఖ్య చెప్పినచో ఆ ఉత్తరమును అందించును. ఈ నియమములు అందరికిని అందుబాటులో ఉన్నవి. వాటిని అనుసరించి ఎవరైనను ప్రోగ్రాము వ్రాయవచ్చును. చిరునామా సరిగా ఉన్నచో, ఏ కలముతో వ్రాసిన కార్డునైనను తపాలా శాఖ చేర్చును గదా!

చిక్కు క్యాలెండరుతో వచ్చును. సమావేశమునకు పదిమందిని పిలుచుట, వారిలో ఎవరు ఏ వేళ ఖాళీగా ఉన్నారో చూచుట ఐమాప్‌కు తెలియని పనులు. క్యాలెండరుకు కాల్‌డావ్ అను బహిరంగ ప్రమాణము 2007లో గాని, చిరునామాలకు కార్డ్‌డావ్ 2011లో గాని రాలేదు.

ఇందువలన కలిగిన ఇబ్బందికి ఎవల్యూషన్ సూట్ మంచి ఉదాహరణము. లినక్స్ వాడువారికై జిమియన్ సంస్థ దీని 1.0 రూపమును 2001లో వెలువరించినది. ఆనాడు అనేక కార్యాలయములలో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ సర్వరు ఉండెను. అది ఔట్‌లుక్ ప్రోగ్రాముతో తన సొంత పద్ధతిలో మాటాడెడిది. అందుచే జిమియన్ వారు కనెక్టర్ అను జోడింపును తయారుచేసిరి. బ్రౌజరులో ఉత్తరములు చూచుటకై ఎక్స్ఛేంజ్‌లో ఏర్పరచిన వెబ్‌డావ్ మార్గమున అది ప్రవేశించి, ఉత్తరములను, క్యాలెండరును తెచ్చెడిది. కాని ఎక్స్ఛేంజ్ 2010లో ఆ మార్గమును తొలగించిరి. కొత్త సర్వరు వద్ద కనెక్టర్ పనికిరాక, వేరు మార్గమునకై మరల మరియొక జోడింపు వ్రాయవలసివచ్చెను. బహిరంగ ప్రమాణమైన ఐమాప్ మాత్రము ఆ సర్వరులోను నిలిచియుండెను.

కావున సర్వరును మార్చదలచిన పాఠశాల గాని కార్యాలయము గాని ముందుగా మూడు ప్రశ్నలు వేయవలెను. ఉత్తరములకు ఐమాప్ కలదా? క్యాలెండరుకు కాల్‌డావ్ కలదా? చిరునామాలకు కార్డ్‌డావ్ కలదా? సూట్‌కును సర్వరుకును ఈ మూడును ఉన్నచో, ఒకదానిని అట్లే ఉంచి రెండవదానిని మార్చుకొనవచ్చును. మొదటిది ఒక్కటే ఉన్నచో ఉత్తరములు వచ్చును గాని, పరీక్షల తేదీలు, సమావేశముల వేళలు పాత సర్వరులోనే చిక్కుకొనును.