మీకు తెలుసా? ఒక లా ప్రొఫెసరు ఊళ్లో తెలుగు అచ్చు

గోల్కొండ ఔరంగజేబు వశమై మన బందరు రేవుకూ ప్రభువు మారిన 1687లోనే, జర్మనీలోని లైప్‌జిగ్‌లో న్యాయశాస్త్ర పండితుడు క్రిస్టియన్ థొమాసియస్ లాటిన్ వదిలి, జనం మాట్లాడే జర్మన్‌లో పాఠం చెబుతానని ప్రకటించాడు. పెద్దలకు మింగుడుపడలేదు. నిజానికి ఆయనా పండితుల ఇంటి బిడ్డే! తండ్రి యాకోబ్ తత్వవేత్త లైబ్నిజ్‌కు గురువు. 1690లో థొమాసియస్ ఊరు విడవాల్సివచ్చి హాలె చేరాడు. 1694లో అక్కడ విశ్వవిద్యాలయం వెలిసిందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. మంత్రగత్తెల మీద మోపే నేరానికి ఆధారమే లేదని 1701లో రాశాడు. చేతబడి పేరిట మనుషుల్ని కొట్టే వార్తలు మనమింకా చదువుతూనే ఉన్నాం. థొమాసియస్ 1728లో కన్నుమూశాడు.

1740లలో, మద్రాసు నుంచి తిరిగెళ్లిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించింది ఈ హాలెలోనే. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు.